ఆరెంజి అద్దాలు నమ్ముకున్న ఎడమ కన్ను

లేజరు మెషీన్ దగ్గర పెట్టుకోవడానికి నాలుగు వేల ఎనిమిదొందలు పోసి కొన్న కళ్లజోడు ఇది. చూడటానికి ఏమీ ఉండదు. బండి మీద వెళ్లేటప్పుడు దుమ్ము పడకుండా పెట్టుకునే వంద రూపాయల జోడులాగే ఉంటుంది, అద్దం మాత్రం లేతాకుపచ్చ. మా ఆవిడ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి "దీనికా అండీ అంత డబ్బు?" అంది. ఇదే జోడు కిందటేడు నా ముక్కు మీద ఉండుంటే ఆసుపత్రి డబ్బులు మిగిలేవి, ఎడం కంట్లో చుక్కా పడేది కాదు అన్నాను. ఆ తర్వాత ఆవిడ దాని ధర ఎత్తలేదు.

మాది గుంటూరు. మా నాన్న పట్నంబజారులో ఒక స్టీలు సామాన్ల కొట్టు ముందు పీట వేసుకుని గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు. చేతిలో కరెంటు పెన్ను గుర్రుమంటుంటే పళ్లెం అంచు మీద అక్షరాలు ఒకదాని వెనక ఒకటి పడేవి. పెళ్లిసారె సామాను దిగిందంటే ఆ పూట అన్నానికి కూడా లేచేవాడు కాదు. ఇప్పటికీ ఎవరింట్లోనైనా భోజనానికి కూర్చుంటే కంచం వెనక్కి తిప్పి చూడటం నాకు అలవాటు. తలకట్లు కొంచెం కుడివైపు వాలి ఉంటే అది నాన్న చెయ్యి.

నేను అదే పని మెషీన్ల మీద చేస్తున్నాను. చెక్కకీ యాక్రిలిక్‌కీ కార్బన్ డయాక్సైడ్ లేజరు, కీచైన్లకీ తోలు పర్సులకీ చిన్న నీలం డయోడు లేజరు, స్టీలుకీ ఇత్తడికీ ఇరవై వాట్ల ఫైబర్ లేజరు. మూడింటినీ లేజరనే అంటాం. తప్పు అక్కడే మొదలైంది. వెలుగు అల పొడవు మూడింటికీ వేరు: మొదటిది 10,600 నానోమీటర్లు, రెండోది 450 దగ్గర, మూడోది 1064. ఈ అంకెలు మెషీన్ వెనక రేకు మీద రాసే ఉన్నాయి. ఐదేళ్లు వాటి మీద దుమ్ము తుడిచాను కానీ చదవలేదు.

చదివితే ఏం తెలిసేదంటే: నీలం వెలుగు కంటికి కనిపిస్తుంది, మిగతా రెండూ కనిపించవు. కనిపించని ఆ రెంటికీ మళ్లీ పోలిక లేదు. 10,600 కంటి ముందు పొర, అదే కార్నియా, దగ్గర ఆగిపోతుంది. కాలిస్తే దాన్నే కాలుస్తుంది. 400 నుంచి 1400 దాకా ఉన్నదేదైనా కంటిలోపలి అద్దం దాటి వెనకున్న రెటీనా దాకా పోతుంది. ఊరికే పోదు, మన కన్నే దాన్ని సూదిమొన అంత చుక్కగా కుదించి మరీ పంపుతుంది. కార్నియా దగ్గర ఉన్న వేడి రెటీనా చేరేసరికి లక్ష రెట్లు చిక్కబడుతుందట. భూతద్దంతో ఎండలో కాగితం కాల్చని పిల్లాడు ఉండడు కదా. ఆ భూతద్దం నా కంట్లోనే ఉందని నలభై ఆరేళ్లొచ్చాక తెలిసింది.

కిందటేడు శ్రావణమాసం. ఒక గృహప్రవేశానికి 220 పళ్లేలు, ఒక్కోదాని మీద దంపతుల పేర్లు, తేదీ. అద్దంలో మొహం చూసుకున్నట్టు కనిపించే పాలిషు. నా ఫైబర్ మెషీన్ ఓపెన్ రకం, చుట్టూ పెట్టె ఉండదు, కాలి కింద పెడల్ తొక్కితే లేజరు వస్తుంది. ఫోకస్ కుదర్లేదనిపించి ఒక పళ్లేన్ని ఎడం చేత్తో కొంచెం వాల్చి, తల దగ్గరగా పెట్టి చూస్తూ, చేతి అలవాటులాగే కాలికీ ఒక అలవాటు ఉంటుంది చూశారూ, పెడల్ తొక్కేశాను. పళ్లెం మీద రోజూ కనిపించే తెల్ల నిప్పురవ్వే కనిపించింది. మంట లేదు, నొప్పి లేదు. పైగా కళ్లజోడు పెట్టుకునే ఉన్నాను. డయోడు మెషీన్ డబ్బాలో ఊరికే వచ్చిన ఆరెంజి రంగు జోడు. ఏ లేజరు దగ్గరికి వెళ్లినా అదే పెట్టుకునేవాణ్ణి, హెల్మెట్ ఏ బండికైనా ఒకటే కదా అన్నట్టు.

ఫోటోగ్రాఫరు ఫ్లాషు కొట్టాక కళ్లముందు ఒక మచ్చ తేలుతుంది కదా, అలాంటిది వచ్చింది. టీ తాగితే పోతుందనుకున్నాను. ఇంకో యాభై పళ్లేలు లాగించాను. సాయంత్రం పేపరు పట్టుకుని కుడికన్ను మూస్తే 'గుంటూరు'లో 'టూ' లేదు. 'టూ' మీదికి చూపు తిప్పితే అదొచ్చి మాయమవుతోంది, 'గుం' కనిపిస్తోంది. దేన్ని చూద్దామనుకుంటే అదే ఉండదు, పక్కనున్నవన్నీ ఉంటాయి. గుమ్మం నిలువు చెక్క నడిమధ్య పాము మెలిక తిరిగినట్టుంది. అప్పుడు భయమేసింది.

ఇక్కడ మొదటి రివ్యూ. మా వీధి చివరి కళ్లద్దాల షాపు, పేరు అనవసరం. అక్కడ కూర్చునే కుర్రాడు టార్చి వేసి చూసి, ఇనుప రజను పడుంటుంది అన్నా అని చుక్కల మందు ఇచ్చాడు. వాణ్ణి అనడానికీ లేదు, పై నుంచి చూస్తే కన్ను నిక్షేపంలా ఉంది, ఎర్రబడను కూడా లేదు. రెటీనాకి నొప్పి తెలియదు, అది కాలినా అరవదు. కానీ 'నడిమధ్య అక్షరం కనపడట్లేదు' అన్నవాడిని ఆ పూటే రెటీనా డాక్టరు దగ్గరికి పంపాలి. నావి రెండు రోజులు పోయాయి. సున్నా స్టార్లు, చుక్కల మందు అరవై రూపాయలు అదనం.

మూడో రోజు విజయవాడలో ఒక కంటి ఆసుపత్రికి పోయాం. పేరు రాయను, రాస్తే నాకు కమీషను ముట్టిందనే వాళ్లు నాకు బాగా తెలుసు. పొద్దున ఎనిమిదిన్నరకి టోకెను, ఎడం కన్ను 6/36, అంటే మంచి కన్ను 36 మీటర్ల నుంచి చదివేది నేను ఆరు మీటర్లకి వస్తేనే చదవగలను. కంటిపాప పెద్దదవడానికి మందు వేసి గంట కూర్చోబెట్టారు. కాఫీ నీళ్లలా ఉంది. పక్క కుర్చీలో సత్తెనపల్లి నుంచి వచ్చిన పెద్దాయన "బాబూ, నీకూ షుగరేనా?" అని అడిగి, లేజరంటే "మాకూ లేజరే పెట్టారు, నయమైంది" అని ధైర్యం చెప్పాడు. ఆ లేజరు వేరు, దాని సంగతి తర్వాత.

ఓసీటీ అనే, రెటీనా పొరల్ని చూపించే స్కాన్ తీశారు. పదిహేను వందలు. గడ్డం పెట్టి, ఆకుపచ్చ గుర్తు వంక చూస్తే నిమిషంలో అయిపోతుంది, సూదీ లేదు, ముట్టుకోవడమూ లేదు. వచ్చిన బొమ్మ చూస్తే మడతకాజాని అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా ఉంది. కింది నుంచి రెండు మూడు గీతలు తెల్లగా, తిన్నగా పరుచుకుని ఉన్నాయి. నడిమధ్య గుంట దగ్గర ఒక గీత పుటుక్కున తెగి, చిన్న సందు వదిలి, మళ్లీ మొదలైంది. ఆ సందే పేపర్లో నా 'టూ'.

డాక్టరమ్మ నలభై దాటినావిడ, మాటలు తక్కువ. "కళ్లజోడు పెట్టుకోలేదా?" అని అడిగారు. పెట్టుకున్నాను మేడమ్ అన్నాను. "ఏ రంగు?" ఆరెంజి అన్నాను. ఆవిడ రాసుకుంటున్న పెన్ను ఆపారు.

ఈ ఆసుపత్రికి నేను ఇచ్చే స్టార్లన్నీ ఆ తర్వాతి పది నిమిషాలకే. ఆవిడ చెప్పింది నాకు అర్థమైన మాటల్లో రాస్తాను. రెటీనా వెనక నల్లటి రంగుపొర ఒకటుంటుంది, నల్లచొక్కా ఎండని లాగినట్టు వేడినంతా అదే లాగుతుంది, లాగి మీదున్న చూపు కణాల్ని ఉడకబెడుతుంది. నాది పల్సులు పల్సులుగా వచ్చే లేజరు కాబట్టి వేడితో పాటు లోపల చిన్న పేలుడు దెబ్బ కూడా ఉంటుంది. కొంతమందికి 'టప్' మని చప్పుడు కూడా వినిపిస్తుందట, నాకు వినపడలేదు. నడిమధ్య చచ్చిపోయిన కణాలు మళ్లీ పుట్టవు, మనిషి కంటికి ఆ వరం లేదు. అయితే వాటి చుట్టూ దెబ్బతిని కొనఊపిరితో ఉన్నవి ఒక వరుస ఉంటాయి. కొన్ని కోలుకుంటాయి, కొన్ని రోజుల్లో పోతాయి. పోయే కణం ఊరికే పోదు, పక్కదానికి విషం చిమ్మి పోతుంది.

"ఆ పక్కవాటిని కాపాడే మందు ఇవ్వండి మేడమ్" అన్నాను.

"అలాంటిది రుజువైన మందు నా దగ్గర లేదండి. ఎవరి దగ్గరా లేదు" అన్నారు.

నాకు కోపమొచ్చింది. గుంటూరు నుంచి వచ్చి, పదిహేను వందలు కట్టి, మందు లేదనిపించుకోవడమా! ఆవిడ నా మొహం చూసి స్టెరాయిడ్ సంగతి చెప్పారు. వాపు తగ్గుతుందని కొందరు డాక్టర్లు స్టెరాయిడ్ మాత్రలు కొన్ని రోజులు ఇచ్చి తగ్గించుకుంటూ వస్తారు. కణాలు బతుకుతాయని మనుషుల మీద గట్టి రుజువు లేదు, పైగా నా షుగరు అంచు మీద ఉంది. "నేనైతే ఇవ్వను. మీకు కావాలనిపిస్తే మాట్లాడుకుందాం" అన్నారు. నేను అడగలేదు. ఇచ్చుంటే బాగుపడేదేమో అని ఒకటి రెండు రాత్రులు అనిపించింది, అబద్ధం ఎందుకు.

మరి ఆసుపత్రి చేసిందేమిటంటే, కాపలా కాసింది. కాలిన చోట రెటీనాకి చిల్లు పడొచ్చు, పడితే ఆపరేషన్. మచ్చ అంచున పిచ్చి రక్తనాళాలు మొలవొచ్చు, మొలిస్తే కంట్లోకి ఇంజెక్షను. అవి వస్తే వచ్చిన వారంలోనే పట్టుకోవాలి. అందుకే వారానికి, నెలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి రమ్మన్నారు. ఒక గళ్ల కాగితం చేతిలో పెట్టారు, పిల్లల లెక్కల నోటుబుక్కులో కాగితంలా ఉంటుంది, మధ్యలో చుక్క. ఆమ్‌స్లర్ గ్రిడ్ అంటారు. రోజూ పొద్దున కుడికన్ను మూసుకుని ఆ చుక్కని చూడాలి. గళ్లు ఎక్కడ వంకర పోయాయో పెన్సిలుతో గీసుకోవాలి. నిన్నటికన్నా వంకర పెరిగితే ఆ రోజే బస్సెక్కాలి. ఆ కాగితం ఉచితం. ఈ ఏడాదిలో నా కంటికి వాడిన వాటిల్లో అంత పనికొచ్చింది ఇంకొకటి లేదు. మా దేవుడి పటాల పక్కనే అంటించాను, దీపం పెట్టేటప్పుడు ఎలాగూ అక్కడ నిలబడతాను.

సత్తెనపల్లి పెద్దాయన లేజరు సంగతి చెప్తానన్నాను. మా అమ్మకీ అదే చేయించాం, పదేళ్ల కిందట. షుగరు వల్ల కంట్లో రక్తనాళాలు పాడైతే డాక్టర్లు లేజరుతో రెటీనా అంచుల్లో చుక్కలు చుక్కలుగా కాలుస్తారు, విడతలు విడతలుగా వెయ్యికి పైనే. అంచుల్లో ఆక్సిజన్ కోసం అంగలార్చే కణాల్ని తగ్గించి నడిమధ్య చూపుని కాపాడటం దాని ఉద్దేశం. అమ్మ కంట్లో వెయ్యి చుక్కలున్నా రాత్రిపూట కాస్త మసకంటుంది తప్ప పేపరు చదువుతుంది. నాకు ఒకటే చుక్క, ఆ కంటితో పేపరు చదవలేకపోయాను. డాక్టరుకి ఎక్కడ కాల్చాలో తెలుసు. నేనేమో ఏది చూస్తున్నానో దాని మీదే, అంటే చూపు నడిబొడ్డు మీదే కాల్చుకున్నాను. కన్ను సూటిగా చూసేది ఎప్పుడూ ఆ గుంటతోనే కదా.

ఇక మందుల షాపు. ఆసుపత్రిలో మందు రాయలేదని తెలిసి, మా ఇంటికి వచ్చినవాళ్లంతా డాక్టర్లయ్యారు. తోటకూర అన్నారు, మునగాకు అన్నారు, పొన్నగంటి కూర అన్నారు. మా ఆవిడ నెల రోజులు పూటకో ఆకుకూర వండింది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు, పొన్నగంటి కూర పప్పు బాగుంటుంది. కానీ ఒక మెడికల్ షాపాయన 'రెటీనా కణాలకి రక్షణ' అని అట్టమీద రాసున్న ల్యూటిన్ (ఆకుకూరల్లో ఉండే ఒక పసుపు పదార్థం) బిళ్లలు ముప్పై అంటగట్టాడు, 540 రూపాయలు. మూడు నెలలు వాడితే మచ్చ పోతుందన్నాడు.

మా చెల్లెలి కొడుకు ఫార్మసీ చదువుతున్నాడు. వాడు ఆ డబ్బా చూసి నవ్వాడు. "మావయ్యా, ల్యూటిన్ మీద అమెరికాలో పెద్ద ట్రయల్ జరిగింది, 2013లో ఫలితాలు వచ్చాయి. నాలుగు వేల మందికి పైగా మనుషులు. రోజుకి పది మిల్లీగ్రాముల ల్యూటిన్, అలాంటిదే జియాజాంథిన్ రెండు మిల్లీగ్రాములు. కానీ అది యాభై దాటినవాళ్లకి వయసు మీద వచ్చే మాక్యులా, అంటే రెటీనా నడిభాగం, జబ్బు ముదరకుండా ఉంటుందా అని చూసింది. కాలిన మచ్చకి కాదు. ఊరుపేరు కలిసిందని ఉత్తరం పక్కింటికి ఇచ్చినట్టుంది" అన్నాడు. ఆ చివరి పోలిక వాడిదే, మెచ్చుకోవాలి.

కాలిన కంటికి మందేదైనా ఉందా చూడరా అంటే వాడు రెండు రాత్రులు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. మూడో పొద్దున వచ్చి "ఉంది మావయ్యా, ఎలుకలకి" అన్నాడు. 1990ల్లో ఇజ్రాయెల్ పరిశోధకులు ఎలుకల రెటీనాని లేజరుతో కాల్చి, వెంటనే ఎంకే-801 అనే మందు ఇస్తే మచ్చ చుట్టూ కణాలు ఎక్కువ మిగిలాయట. డాక్టరమ్మ చెప్పిన విషం ఉంది చూశారూ, దాని పేరు గ్లూటమేట్. చచ్చే కణాల్లోంచి అది ఒలికి పక్క కణాల తలుపులు బద్దలు కొడుతుంది, ఈ మందు ఆ తలుపు మూస్తుంది. అదే మనిషికి ఎందుకివ్వరంటే, మెదడులో అన్నిచోట్లా అదే తలుపు ఉంది. అక్కడా మూసుకుపోతే మతి చెడుతుంది. దాంతో అది మందుల షాపు దాకా రాలేదు. ఆ పొద్దున మా ఇంట్లో ఎలుకల బోను కనిపిస్తే కొంచెం అసూయగా చూశాను.

బిళ్లలు ముప్పైలో పన్నెండు మింగి మానేశాను. మిగతావి వెనక్కి తీసుకోనన్నాడు. ఒక స్టారు, అట్టపెట్టె గట్టిగా ఉన్నందుకు. బిట్లు వేసుకోవడానికి పనికొస్తోంది.

కన్ను సంగతి అడుగుతారు కాబట్టి: నెలకి 6/18, ఆరు నెలలకి 6/9. స్కానులో తెగిన గీత అంచులు కొంచెం దగ్గరికి వచ్చాయి, సందు మాత్రం పూర్తిగా మూయలేదు. చిల్లు పడలేదు, నాళాలు మొలవలేదు. ఆ పన్నెండు బిళ్లలు తప్ప ఏ మందూ మింగకుండానే ఇంత వచ్చింది. బిళ్లలు మూడు నెలలూ మింగి ఉంటే ఈ పుణ్యం వాటి ఖాతాలో వేసేవాణ్ణి, మీకూ కొనమని ఇక్కడ రాసేవాణ్ణి. అందుకే చెప్తున్నాను, 'మా వాడికి తగ్గింది' అని ఎవరన్నా చెప్పే మందు దగ్గర కాస్త ఆగండి. ఇది కొంతమందికి దానంతటదే కొంత తగ్గుతుంది.

ఇక అసలు రివ్యూ. మళ్లీ మెషీన్ ముట్టుకోవడానికి ముందు నాలుగు కళ్లజోళ్లు ముందు పెట్టుకున్నాను. ఏ జోడు మంచిదో కన్ను పెట్టి చూసుకునే వస్తువు కాదిది. కాబట్టి మెషీన్ కింద నల్ల పూత ఉన్న అల్యూమినియం విజిటింగ్ కార్డు పెట్టి, దాని మీద జోడు అద్దం ఆనించి, తలుపు బయట నుంచి, ఆ గదిలో ఎవరూ లేకుండా, కంప్యూటరు నుంచి నా పేరు కొట్టమన్నాను. అద్దం లేజరుని ఆపితే కార్డు మీద పేరు పడకూడదు. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు, అద్దం పాడవుతుంది కూడా. కానీ చూసినవాడికి అనుమానం మిగలదు.

మొదటిది, ఆ ఆరెంజి జోడు. కార్డు మీద నా పేరు పొల్లు పోకుండా పడింది. అద్దానికి గీత కూడా లేదు. మధ్యలో అద్దం అనే వస్తువే లేనట్టు. ఆ కార్డు చూసి చాలాసేపు కూర్చున్నాను. దాని తప్పేం లేదు, నీలం లేజరుని ఆపడానికి చేసింది అది, నీలాన్ని ఆపుతుంది కాబట్టే ఆరెంజిగా కనిపిస్తుంది. 1064 దానికి గాజు కిటికీలో ఎండ. నీలం పనికి ఇప్పటికీ వాడుతున్నాను.

రెండోది ఆన్‌లైన్‌లో 399. '190 నుంచి 2000 నానోమీటర్లు, అన్ని లేజర్లకీ' అని రాశారు. రంగు ముదురాకుపచ్చ. ఆలోచిస్తే తెలిసిపోవాలి: 400 నుంచి 700 దాకా మనకి కనిపించే వెలుగంతా అందులోనే ఉంది. అన్నిటినీ నిజంగా ఆపితే ఆ జోడులోంచి ఏమీ కనిపించకూడదు, గోడ చూసినట్టుండాలి. నాకు ఎదురింటి వేపచెట్టు శుభ్రంగా కనిపించింది. కార్డు మీద పేరు మసగ్గా పడింది, చదవొచ్చు. అద్దం నుంచి పొగ వచ్చింది. సున్నా కాదు, మైనస్ ఇవ్వాలి. ఏమీ లేకపోతే కనీసం భయం ఉంటుంది, ఇది ఆ భయాన్ని కూడా పోగొడుతుంది.

మూడోది నేను కార్బన్ డయాక్సైడ్ మెషీన్‌కి వాడే తెల్ల పాలికార్బనేట్ జోడు, నూట యాభై. ఇది ఫైబర్ దగ్గర దండగ, పేరు తెల్లగా పడింది. కానీ దాని సొంత మెషీన్ దగ్గర అదే రాజు. 10,600ని మామూలు ప్లాస్టిక్కే మింగేస్తుంది, అందుకే ఆ మెషీన్ మూతలు యాక్రిలిక్‌తో చేస్తారు.

నాలుగోది ఈ నాలుగు వేల ఎనిమిదొందలది. దీని పక్కపుల్ల మీద, నిజానికి అద్దం మీద కూడా, చిన్న అక్షరాలు చెక్కి ఉన్నాయి. నేను చెక్కే అక్షరాలకన్నా చిన్నవి. నానోమీటర్ల అంకెల్లో 1064 ఉంది. పక్కన డీ, ఐ, ఆర్ అనే అక్షరాలు: డీ అంటే ఆగకుండా వచ్చే లేజరు, ఐ పల్సులు, ఆర్ నానోసెకన్ల పల్సులు. నా ఫైబర్ మెషీన్‌ది ఆర్ బాపతు, ఆ అక్షరం లేకపోతే నాకు పనికిరాదు. తర్వాత ఎల్‌బీ, దాని పక్కన ఒక అంకె. ఎల్‌బీ 6 అంటే పది లక్షల్లో ఒక వంతు మాత్రమే లోపలికి వదులుతుంది. ఆ ఆపే కొలతని ఓడీ 6 అంటారు, ఒక్కో అంకెకి పది రెట్లు. కానీ ఓడీ ఒక్కటే చూస్తే చాలదు. ఎల్‌బీ అని ఉంటే, లేజరు సూటిగా తగిలినా అద్దం కొన్ని సెకన్లు కరగకుండా, పగలకుండా నిలబడిందని పరీక్ష చేసినట్టు. ఇది యూరప్ వాళ్ల ఈఎన్ 207 ప్రమాణం. నెట్‌లో కొనేటప్పుడు అమ్మేవాణ్ణి ఈ చెక్కిన అక్షరాల ఫోటో దగ్గరగా తీసి పంపమని అడగండి. నేను ఐదుగురిని అడిగాను. ముగ్గురు జవాబివ్వలేదు, ఒకతను డబ్బా ఫోటో పంపాడు, ఒకతను అడిగింది పంపాడు. అతని దగ్గరే కొన్నాను.

పరీక్ష అద్దం ఎలాగూ పాడవుతుందని రెండు జోళ్లు తెప్పించాను. మా ఆవిడకి ఈ రెండో జోడు సంగతి ఇక్కడే తెలుస్తోంది. కార్డు మీద ఏమీ పడలేదు. అద్దం మీద చిన్న గోధుమరంగు పొక్కు వచ్చింది, అంతే. ఇంకో రెండుసార్లు కొట్టించాను, నమ్మకం కుదరక. కార్డు నల్లగా అలాగే ఉంది.

వాడకం గురించి. లేతాకుపచ్చ కాబట్టి పళ్లెం మీద అక్షరం పడటం కనిపిస్తుంది, ఎరుపు గుర్తు లైటు కూడా కొంచెం మసగ్గా అయినా కనిపిస్తుంది. ఇది ముఖ్యం; కనపడకపోతే ఎవడైనా జోడు పైకి ఎత్తి చూస్తాడు, నాలాంటివాడు మరీను. పక్కల మూసి ఉంటుంది, పక్క నుంచి వచ్చే మెరుపు దూరదు. నా చత్వారం అద్దాల మీద పెట్టుకోవచ్చు. బరువు లేదు.

ఎంత మంచి జోడైనా పెట్టుకుని లేజరు వంక సూటిగా చూడమని కాదు. మెషీన్ చుట్టూ ఇప్పుడు రేకుతో పెట్టె కట్టించాను, తలుపు తెరిస్తే లేజరు ఆగే స్విచ్చి పెట్టించాను. వెల్డింగు కుర్రాడికి, ఎలక్ట్రీషియన్‌కి కలిపి మూడు వేలు అయింది. పళ్లేలు వాల్చి చూడాలంటే పెడల్ వైరు పీకేస్తాను. నిజం చెప్పాలంటే జోడు కన్నా ముందు చేయాల్సిన పని ఇదే, ఆ వెల్డింగు కుర్రాడికి ఐదు స్టార్లు. మా మేనల్లుడు మూడు జోళ్లకీ మూడు రంగుల తాళ్లు కట్టి, ఏ తాడు ఏ మెషీన్‌దో గోడ మీద పెయింటుతో రాశాడు. వాడు కోటప్పకొండ తిరునాళ్లలో కొన్న ఆకుపచ్చ లేజరు పెన్ను కూడా వాడి చేతే విరగ్గొట్టించాను. అమెరికా ప్రభుత్వ కొలతల సంస్థ వాళ్లు 122 లేజరు పెన్నులు పరీక్షిస్తే ఆకుపచ్చవాటిల్లో పదింట తొమ్మిది దాకా అక్కడి నిబంధనలు దాటాయని 2013లో చెప్పారట. అట్టమీద 5 మిల్లీవాట్లని రాసున్నవి కూడా అందులో ఉన్నాయి. చాలా పెన్నుల్లో ఆకుపచ్చ వెలుగుని తయారుచేసేది లోపలున్న ఇదే 1064 కనుక, ఫిల్టరు సరిగా పెట్టకపోతే కనపడకుండా అదీ బయటికొస్తుంది. వాడు విరగ్గొడుతూ ఏడవలేదు కానీ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

కళ్లజోడుకి నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు కోశానంటే, గుంటూరు ఎండలు తయారీదారుకి తెలియవు. ఏప్రిల్ మధ్యాహ్నం షెడ్డులో పెట్టుకుంటే పది నిమిషాలకి లోపల ఆవిరి పట్టి ఏమీ కనపడదు, తీసి తుడుచుకోవాల్సిందే. పక్కల గాలి పోయే రంధ్రాలు చేస్తే వెలుగు దూరుతుంది, నాకూ తెలుసు. తుడిచేటప్పుడు ముందు కాలు పెడల్ మీద నుంచి తీసి, తర్వాత జోడు తీస్తున్నాను. తుడవడానికి మెత్తటి గుడ్డ వాళ్లే ఇచ్చారు, అది రెండో ఉతుక్కి చిరిగింది.